బెంచీ మీద ఎనిమిదిమంది

ఫోటోలు తీసేవాళ్ళకి ఒక పాడు అలవాటు ఉంటుంది. ఎదుటి మనిషి గోడు వెళ్ళబోసుకుంటుంటే చెవులు సగమే వింటాయి. కళ్ళు మాత్రం ఆ ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందా అని చూస్తుంటాయి. ఆ సోమవారం ఉదయం మా ఊరి బడి టీచరుగారు స్టూడియోలోకి వచ్చి కౌంటరు మీద తల ఆనించి ఏడ్చినప్పుడు నేను చేసిన పని కూడా అదే. కిటికీ వెలుగు ఎడమ చెంప మీద పడుతోంది, రెండో వైపంతా చీకటి, ఇలాంటి ఫోటో ఎవరూ తీయించుకోరు అనుకున్నాను. తర్వాత నన్ను నేనే నాలుగు తిట్టుకుని మంచినీళ్ళు ఇచ్చాను.

"మా అమ్మని పంపించేస్తారటండీ," అంది. "గురువారం విచారణ. రుజువు చూపించకపోతే ఏరు దాటించి అవతలి దేశంలో దింపేస్తారట. అక్కడ మాకెవరున్నారు? పలకరించే దిక్కు కూడా లేదు."

వాళ్ళమ్మని ఊరంతా కుట్టు పెద్దమ్మ అంటుంది. డెబ్భై ఒక్కేళ్ళు. మా ఊళ్ళో ఆవిడ కుట్టని లాగూ లేదు, ఆవిడకి తెలియని నడుము కొలత లేదు. నాకు తొలిసారి గౌను కుట్టింది ఆవిడే, మొన్నీమధ్య నా జాకెట్లు వదులు చేసిందీ ఆవిడే. అలాంటి మనిషిని దొంగ అంటున్నారు.

జరిగింది ఇదీ. ప్రభుత్వం పాత అట్ట గుర్తింపు కార్డులు తీసేసుకుని కొత్తవి ఇస్తోంది. పోయిన నెల పెద్దమ్మ కూడా క్యూలో నిలబడింది. ఫ్యాన్లు లేవు, మూడు గంటలు నిలబెట్టారు. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి కుడి చెంప మీది పుట్టుమచ్చ చెమటకి కరిగి గడ్డం దాకా కారింది. గుమాస్తా తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు. తుడుచుకుంటే కుడి చెంప మీది మచ్చ మాయమైంది. ఎడమ చెంప మీద పౌడరు పోయి, దాని కింద అసలు మచ్చ బయటపడింది. కార్డులో మచ్చ కుడివైపు, మనిషికేమో ఎడమవైపు. కార్డు ఒకరిది, మనిషి వేరొకరు అని అతను రాసేశాడు. కాటుకతో మచ్చ దిద్దుకున్న మనిషిని చూసి ఇంకేమనుకుంటాడు?

"ఆవిడ మచ్చ దిద్దుకుంటారని మీకు తెలుసా?" అన్నాను.

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఆఫీసు పని ఉన్నరోజే దిద్దుకునేది. అదో సోకులే అనుకున్నా. అడిగితే నవ్వేసేది."

కార్డు నా చేతికిచ్చింది. యాభై రెండేళ్ళ నాటిది, అంచులు అరిగి గుడ్డముక్కలా మెత్తబడింది. బొటనవేలంత ఫోటోలో పందొమ్మిదేళ్ళ అమ్మాయి రెప్పవేయకుండా చూస్తోంది. కుడి చెంప మీద మినపగింజంత మచ్చ. కార్డు వెనక నీలం సిరాతో 17-3 అని ఉంది. ఆ అంకెలు మా తాత రాసినవి. పదిహేడో పలక, మూడో తల అని దానర్థం.

భూతద్దం పెట్టి చూశాను. ఫోటో కాస్త మసగ్గా ఉంది. నాకు అదే వింతగా తోచింది. మా తాత తీస్తే కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో నెగెటివ్‌లు గాజు పలకల మీద ఉండేవి. పలకకి ఒకవైపు మందు పూత, రెండోవైపు ఉత్త గాజు. పూత ఉన్నవైపు కాగితానికి ఆనించి అచ్చు వేయాలి. పొరపాటున తిరగేసి ఆనిస్తే బొమ్మ పడుతుంది గానీ గాజు మందం అడ్డొచ్చి మసకబారుతుంది. దాంతో పాటు ఇంకోటి కూడా జరుగుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది.

భూతద్దం కౌంటరు మీద పెట్టేశాను.

"టీచరుగారూ, మీ అమ్మగారు ఎవరి కార్డూ దొంగిలించలేదు. తప్పు మాది. మా తాత పలక తిరగేసి అచ్చేశాడు."

"అది రుజువు చేయగలరా?"

"పలక దొరికితే చిటికెలో పని."

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది ఏటి మలుపులో ఊరు. మా ముత్తాత పుట్టేనాటికి ఏటికి ఎగువా దిగువా అవతలా అంతా కలిపి సముద్రం అవతలి దొరల ఏలుబడిలో ఉండేది. దొరలు వెళ్ళిపోయాక అంతా కలిసి ఒక దేశమైంది. ఆ కాపురం పద్దెనిమిదేళ్ళు సాగింది. తర్వాత అది మూడు ముక్కలైంది. మూడింటికీ మూడు జెండాలు, మూడు చరిత్ర పుస్తకాలు. మూడు పుస్తకాల్లోనూ ముందు తుపాకీ పేల్చింది పక్కవాళ్ళే. అంతకుముందు మా సంతలో జనం మూడు భాషల్లో బేరాలాడేవారట, తిట్టుకునేటప్పుడు మాత్రం ఎవరి భాష వాళ్ళదట. దేశం మారినప్పుడల్లా కార్డు మారేది, కార్డు మారినప్పుడల్లా అందరూ మళ్ళీ ఫోటో దిగాలి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ మార్పుల పుణ్యానే.

పాత పలకలు మా వెనక గదిలో ఉన్నాయి. మిగతా స్టూడియోలవాళ్ళు పూత గీకేసి గాజుని కిటికీలకి అమ్ముకున్నారు. మా ఊళ్ళో చాలా ఇళ్ళ కిటికీ అద్దాల్లో ఒకప్పుడు మనుషుల ముఖాలుండేవి. మా తాత మాత్రం ఒక్క పలక కూడా గీకనివ్వలేదు. మూడు అలమారాలు, మూడు కాలాలు. మా ఆయన ఏటా ఒకసారి "ఈ గాజుపెంకులు ఎప్పుడు తీసేస్తావ్?" అంటాడు, నేను ఏటా ఒకసారి "నిన్ను తీసేశాక" అంటాను.

రెండురోజులు స్టూడియో మూసేసి పలకలు వెతికాను. ఒక్కోటి తీసి కిటికీ వెలుగుకి పట్టి చూస్తుంటే నాకు మతిపోయింది. ఒకే మనిషి మొదటి అలమారాలో తలపాగాతో, రెండో అలమారాలో టోపీతో, మూడో అలమారాలో బోడితలతో కనిపిస్తాడు. అదే స్టూలు, అదే గోడ. పక్క వీధిలోకి కూడా ఇల్లు మారని మనిషి మూడు దేశాల పౌరుడై చచ్చిపోయాడు. ఒకావిడ మొదటి పలకలో చంకబిడ్డగా ఉంది, రెండోదానిలో పెళ్ళికూతురి ఈడు పిల్ల, మూడోదానిలో ఆవిడ చంకలో ఇంకో బిడ్డ. ఎగువవాళ్ళు, దిగువవాళ్ళు, అవతలివాళ్ళు అని మేం ఇప్పుడు నోరారా తిట్టుకునే జనమంతా ఆ అలమారాల్లో ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నిలబడి ఉన్నారు. పుట్టినప్పట్నుంచీ ఆ గది పక్కనే పడుకున్నాను గానీ ఒక్కనాడైనా కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఇంతమంది నా ఇంట్లో ఉంటున్నారని తెలిసి ఒళ్ళు గగుర్పొడిచింది.

మూడో అలమారాలో పదహారో పలక ఉంది, పద్దెనిమిదో పలక ఉంది. పదిహేడు లేదు.

బుధవారం మధ్యాహ్నానికి దొరికింది. డార్క్‌రూమ్‌లో తొట్టి కింద రేకుపెట్టె, అందులో మా తాత పాత చొక్కా, చొక్కాలో చుట్టి పలక. దానితో పాటు చిన్న చీటీ. "పారేయొద్దు. ఎవరూ అడగనిదే చూపించొద్దు." అంటే ముసలాయనకి తప్పు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికి ఉంటే నిలదీసి ఉండేదాన్ని.

అంత పనివాడు ఆ తప్పెలా చేశాడో మా నాయనమ్మ మాటలు గుర్తొచ్చాక అర్థమైంది. ఎర్రదీపం గుడ్డి వెలుగులో పూత ఎటువైపు ఉందో కళ్ళకి తెలియదు. అందుకని పాతకాలంవాళ్ళు పలక మూలని తడి పెదవికి ఆనించేవారు. పూత ఉన్నవైపు పెదవికి అంటుకుంటుంది, ఉత్త గాజు జారిపోతుంది. మా తాత జీవితమంతా అలాగే చేశాడు. దేశం ముక్కలైన ఆ వారంలో మాత్రం ఆయన పెదవికి ఏడు కుట్లు ఉన్నాయి. ఎవరో సైనికుడు తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. మూతికి గుడ్డ కట్టుకునే నలభై పలకలు అచ్చేశాడట. ముప్పైతొమ్మిది సరిగ్గా పడ్డాయంటే అదే గొప్ప.

పలక మొత్తం పెద్దగా అచ్చు వేశాను. అప్పట్లో యుద్ధం వల్ల పలకలకి కరువు. ఒక్కొక్కరికి ఒక్కో పలక ఎక్కడిది? ఎనిమిదిమందిని ఒకేసారి తీసేవారు, నలుగురు బెంచీ మీద, నలుగురు వెనక నిలబడి. తర్వాత మా నాయనమ్మ కత్తెరతో తలలు విడివిడిగా కత్తిరించేది. కార్డులకి తలలు చాలు కదా. కత్తిరించక ముందు బొమ్మని యాభై రెండేళ్ళలో నేనే మొదట చూస్తున్నానేమో.

తొట్టిలో కాగితం మీద ఆ ఎనిమిదిమందీ నెమ్మదిగా పైకి తేలి వచ్చారు. వెనక గోడ మీద మా గడియారం, పది దాటి ఇరవై నిమిషాలు. ముందు వరసలో మూడోది పెద్దమ్మ, మచ్చ ఉండాల్సిన చెంప మీదే ఉంది. ఆ పక్కన పద్దెనిమిదేళ్ళవాడు. కార్డులో కనపడనిది ఇక్కడ మెడ కింద కనిపించింది. పెద్దమ్మ అతని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అతని పది వేళ్ళకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. గాలివానలో కొట్టుకుపోకుండా నిలబడ్డట్టు నిలబడ్డారు. అందరి ముఖాలూ కెమెరాని చూస్తున్నాయి, చేతులు మాత్రం పక్కవాళ్ళని చూసుకుంటున్నాయి. నేను ఎన్నో వందల పెళ్ళిళ్ళకి ఫోటోలు తీశాను. మనుషులు ఒకళ్ళనొకళ్ళు అలా పట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు. ఎందుకో తెలియకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ఆ పద్దెనిమిదేళ్ళవాడు ఎవరో పోల్చాను. పెద్దమ్మ తమ్ముడు. సంత దగ్గర గొడుగులు బాగుచేసేవాడు, టీచరుగారికి మేనమామ, ఊరందరికీ గొడుగుల మామయ్య. పెళ్ళీ పెటాకులూ లేవు. పదిరోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు, పెద్దమ్మ రెండుపూటలా జావ తీసుకెళుతోంది.

సాయంత్రం బొమ్మ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని చెంచాతో జావ తాగిస్తోంది. "పెద్దమ్మా, గండం గట్టెక్కింది! పలక దొరికింది," అన్నాను.

ఆవిడ చెంచా గిన్నెలో పడేసింది. "ఆ పెట్టె తెరిచావా? ఎవరు తెరవమన్నారే నిన్ను?"

"మీ అమ్మాయే అడిగింది. దీన్ని చూపిస్తే రేపు మీకు అడ్డం చెప్పేవాళ్ళు ఉండరు."

"రేపు దీన్ని తీసుకురావద్దు."

"అదేంటి?"

"తీసుకురావద్దంటే తీసుకురావద్దు. పంపిస్తే పంపనీ. డెబ్భై దాటాయి, ఎక్కడ చస్తే ఏం?"

మంచం మీది మనిషి బొమ్మ కోసం చెయ్యి చాచాడు. మాట పడిపోయింది, ఊపిరి మాత్రం గురగురమంటోంది. బొమ్మని ఛాతీ మీద పెట్టుకుని ఎనిమిది తలల్నీ ఒక్కొక్కటిగా వేలితో తాకాడు. ఆఖరికి అక్కగారి ముఖం మీద వేలు ఆపి నావైపు చూసి తల ఊపాడు. తీసుకెళ్ళు అన్నట్టు. పెద్దమ్మ అతని చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. "నువ్వు ఊరుకోరా!"

నాకు ఒళ్ళుమండింది. ఇంత మొండితనం ఏమిటి? దారంతా ఆవిడని తిట్టుకుంటూనే వచ్చాను. పలక తీసుకెళ్ళి తీరాలని నిశ్చయించుకున్నాను.

గురువారం పదింటికి విచారణ గది. పొడుగు బల్ల, రెండు బీరువాలు, తిరగని ఫ్యాను, మూల టైపు మిషన్ దగ్గర ఒక గుమాస్తా. విచారణాధికారి నలభై ఏళ్ళ మనిషి, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. టీచరుగారు వచ్చింది. పెద్దమ్మ మాత్రం రాలేదు. తెల్లారకముందే ఆసుపత్రికి వెళ్ళిందట. రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అన్నాడు అధికారి. నేను లేచి నిలబడ్డాను.

రెండు బొమ్మలు బల్ల మీద పెట్టాను. ఒకటి సరిగ్గా వేసింది, రెండోది కావాలనే పలక తిరగేసి వేసింది. తిరగేసినదాన్లో పెద్దమ్మ ముఖం అచ్చం కార్డులోలాగే ఉంది, గోడ గడియారం మీది అంకెలు మాత్రం అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి.

"మీ గడియారం వెనక్కి నడుస్తోందే," అన్నాడు అధికారి.

"మా గడియారం ఎప్పుడూ సరిగ్గానే నడిచింది సార్. ఆ ఒక్కరోజు మా తాతే వెనక్కి నడిచాడు."

పలక చేతికిచ్చి పూత ఎటో గాజు ఎటో చూపించాను. పెదవి సంగతి చెప్పాను, కుట్ల సంగతి చెప్పాను. ఆయన అన్నీ శ్రద్ధగా విన్నాడు. కార్డు తీసి పక్కన పెట్టి చూశాడు. "ఫోటో తిరగబడిందని మిగతా ఏడుగురూ ఎందుకు పోల్చుకోలేదు?" అన్నాడు.

"మచ్చ లేకపోతే ఎవరు పోల్చుకుంటారు సార్? అద్దంలో రోజూ చూసుకునే ముఖం తిరగేసిందే కదా. నా ఫోటో భలే కుదిరింది అనుకుని ఉంటారు."

ఆయన నవ్వాడు. టీచరుగారు నా చెయ్యి నొక్కింది. గెలిచేశాం అనుకున్నాను.

"సరే, ఫోటో తిరగబడింది. ఒప్పుకున్నాను," అన్నాడు. "ఇప్పుడు నాకు ఒక్క సంగతి చెప్పండి. కార్డు చేతికొచ్చిన రోజే 'అయ్యా, మచ్చ అటు పడింది' అంటే అయిపోయేది. అనలేదు. యాభై రెండేళ్ళు కాటుక దిద్దుకుంది. ఏ తప్పూ లేని మనిషి అలా ఎందుకు చేస్తుంది? ఈ పలక మిగతావాటితో పాటే ఉందా?"

చీటీ నా సంచిలోనే ఉంది. నాకు అబద్ధం చెప్పడం రాదు, వచ్చినా ముఖంలో తెలిసిపోతుంది. "లేదు సార్. మా తాత విడిగా దాచాడు."

"అంటే ఇద్దరూ కలిసే ఏదో దాచారు. ఈ పలక మీద ఉన్నవాళ్ళందరి ఫైళ్ళూ తెప్పించాలి." పెన్ను కాగితం మీద పెట్టాడు. వద్దన్నా వినకుండా తెచ్చి, ఉన్న ముడిని ఇంకా బిగించాను.

అప్పుడు తలుపు తీసుకుని పెద్దమ్మ వచ్చింది. కాటుక లేదు, పౌడరు లేదు. ఆ ఎడమ చెంప మచ్చతో ఆవిడ ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఆలస్యమైంది నాయనా," అంది. "మా తమ్ముడు పొద్దున ఏడింటికి పోయాడు."

టీచరుగారు కెవ్వుమంది. అధికారి పెన్ను పక్కన పెట్టాడు. "వాయిదా వేస్తాను, వెళ్ళండమ్మా," అన్నాడు.

"వద్దు. ఇన్నాళ్ళూ చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చు." కుర్చీ చూపించినా కూర్చోలేదు. బల్ల మీది బొమ్మ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ వారం అవతలి గట్టు నుంచి మా వీధి మీద గుండ్లు పడ్డాయి. మా అన్న, వదిన, చిన్నాన్న, తమ్ముడు నలుగురూ ఒక్క మధ్యాహ్నమే పోయారు. వీధి మొత్తానికి మిగిలింది నలుగురం. మూడోరోజు అదే గట్టు నుంచి ఒక పడవ వచ్చింది. అందులో ముగ్గురు మగాళ్ళు, ఒక ఆడమనిషి, మొత్తం నలుగురు. వాళ్ళ సైన్యం నుంచే పారిపోయి వచ్చారు. మా ఊరివాళ్ళు కొట్టబోయారు. నేనూ రాయి పట్టుకున్నా, దాచడమెందుకు?

"వాళ్ళలో ఒక కుర్రాడు ఏడవలేదు, దణ్ణాలు పెట్టలేదు. కూలిపోయిన మా ఇంట్లోకి దిగి ఇటుకలు తీయడం మొదలెట్టాడు. మావాళ్ళు దాని కింద ఉన్నారని వాడికెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. రెండురోజులు తీశాడు. గోళ్ళు ఊడిపోయాయి. మావాళ్ళని నలుగురినీ వాడి చేతులతోనే బయటికి తెచ్చాడు. నా చేతిలో రాయి ఎప్పుడు పడిపోయిందో నాకు గుర్తులేదు.

"శనివారం లోపు కార్డు లేనివాళ్ళని ఏరు దాటిస్తామన్నారు. అవతల పారిపోయినవాళ్ళని నిలబెట్టి కాల్చేస్తున్నారు. ఫోటో రోజున మేం నలుగురం, వాళ్ళు నలుగురు, ఒకే బెంచీ దగ్గర చేరాం. గుమాస్తా పేర్లడిగాడు. నేనే చెప్పాను. మావాళ్ళ నాలుగు పేర్లూ ఊరికే మట్టిలో కలవడమెందుకని ఆ నలుగురికీ ఇచ్చేశాను. తమ్ముడి పేరు ఆ కుర్రాడికిచ్చాను. ఈ అమ్మాయి వాళ్ళ తాత అంతా చూస్తూనే ఉన్నాడు. మాట్లాడకుండా గుడ్డ కింద తల దూర్చి ఫోటో తీశాడు."

టైపు మిషన్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అధికారి కొట్టమని చెప్పలేదు.

"కార్డు వచ్చాక చూసుకుంటే మచ్చ అటు పడింది. ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన తల బాదుకున్నాడు. మార్చాలంటే ఆఫీసులో చెప్పాలి. చెప్తే పలక మొత్తం రద్దు. ఎనిమిదిమందినీ మళ్ళీ నిలబెట్టి సాక్షుల్ని పిలుస్తారు. ఆ నలుగురి గతేంటి? ముఖం మీద గుర్తున్నది నాకొక్కదానికే. ఒక్క మచ్చేగా, దిద్దుకుంటే పోలేదా అన్నాను."

యాభై రెండేళ్ళు. రేషనుకి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా, కూతుర్ని బళ్ళో వేయడానికి వెళ్ళినా, అద్దం ముందు కూర్చుని నలుగురి ప్రాణాల్ని కాటుకతో చెంప మీద పెట్టుకుని వెళ్ళింది. మా తాత మీద కోపం ఎటు పోయిందో పోయింది. ఆ చీటీ మీది మాటలు ఆయన తన కోసం రాసుకున్నవి కావు. నేను ఈ పలకని నిన్ననే ఈ బల్ల మీద పెట్టి ఉంటే గొడుగుల మామయ్య గతి ఏమయ్యేది? నిలబడి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, సిగ్గెందుకు?

"ఆ నలుగురూ?" అన్నాడు అధికారి మెల్లగా.

"ముగ్గురు ఎప్పుడో పోయారు. ఆఖరివాడు ఇవాళ. చచ్చిపోయినవాళ్ళ ఫైలు మళ్ళీ తెరవకూడదని మీ రూలే కదా నాయనా? ఎన్ని ఆఫీసుల్లో కూర్చున్నానో, మీ రూళ్ళన్నీ నాకు నోటికొచ్చు."

ఆయన ఆ బొమ్మని దగ్గరికి లాక్కున్నాడు. "వాళ్ళ అసలు పేర్లు మీకు తెలుసా?"

పెద్దమ్మ నాలుగు పేర్లు చెప్పింది. అవతలి భాష పేర్లు. తడుముకోకుండా, ఇంట్లోవాళ్ళని అన్నానికి పిలిచినట్టు చెప్పింది. అధికారి వాటిని రాసుకోలేదు. పెద్దమ్మ విచారణ కాగితం మీద "కార్డూ మనిషీ ఒకరే. ఫోటో అచ్చులో పొరపాటు" అని రాసి, ముద్ర వేసి, లేచి నిలబడి రెండు చేతులతో అందించాడు.

బయటికొచ్చాం. ఆసుపత్రి నాలుగు వీధుల అవతల. టీచరుగారు వెనక్కి తిరగకుండా ముందు నడుస్తోంది. పెద్దమ్మ వెనక నడుస్తూ కూతురి వీపు వైపే చూస్తోంది. అధికారి ముందు బెదరని మనిషి ఇప్పుడు బెదిరింది. "దానికి ముందే చెప్పాల్సింది," అని నాతో గొణిగింది. "మామయ్య మామయ్య అని వాడి భుజాలెక్కి పెరిగింది. దానికి అక్షరాలు దిద్దించింది వాడే. ఇప్పుడు వాడు మనవాడు కాదంటుందేమో." నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాను.

ఆసుపత్రి కిటికీ దగ్గర గుమాస్తా ఒక కాగితం తోశాడు. శవాన్ని రక్తసంబంధీకులకే అప్పగిస్తారట. "పేరు, సంబంధం రాసి సంతకం పెట్టండి," అన్నాడు.

పెద్దమ్మ ముందుకి రాబోయింది. టీచరుగారు చెయ్యి అడ్డుపెట్టి పెన్ను అందుకుంది. తన పేరు రాసింది. సంబంధం అన్న చోట ఆగకుండా "మేనకోడలు" అని రాసి, కింద సంతకం పెట్టి, కాగితం వెనక్కి తోసింది.

"స్ట్రెచరు ఎక్కడుంది?" అంది. "మా మామయ్యని ఇంటికి తీసుకెళ్ళాలి."